సింగపూరు ఓటు

సర్పంచి ఎన్నికలో భీమరాజు ఒక్క ఓటుతో గెలిచాడు. ఆ ఒక్క ఓటూ ఎవరిదని ఊళ్ళో ఎవరూ ఎవరినీ అడగలేదు. లెక్క ప్రకారం చూస్తే భీమరాజుకి వేసిన ప్రతివాడూ ఆ ఒక్కటీ నాదేనని మీసం దువ్వుకోవచ్చు. కానీ జనానికి కావలసింది లెక్క కాదు, ముచ్చట. మద్రాసులో ఓడ దిగి, రైలెక్కి, రాజమండ్రిలో బస్సు పట్టుకుని, రేపో మాపో పోలింగనగా మామిడికుదురు సెంటర్లో సూట్‌కేసుతో దిగిన తాతబ్బాయి కళ్ళెదుట ఉండగా ఇంకొకడి ఓటు గురించి ఎవరు మాట్లాడతారు? భీమరాజు బావమరిది సముద్రం దాటొచ్చి గెలిపించాడన్నారు. బడి దగ్గర లెక్కింపు అయ్యీ అవకముందే దానికి పేరు కూడా పెట్టేశారు. సింగపూరు ఓటు.

తెల్లారేసరికి భీమరాజు ఇంటి అరుగు మీద కుర్చీలు వేశారు. గెలిచినవాడికొక దండ, గెలిపించినవాడికొక దండ. భీమరాజు పెళ్ళాం అప్పాయమ్మ వచ్చినవాళ్ళందరికీ గ్లాసులు అందిస్తూ, మా తమ్ముడు పనిగట్టుకుని ఓటు కోసమే వచ్చాడని చెప్పిందే చెబుతోంది. ఆ తమ్ముడు మెళ్ళో దండతో నవ్వుతూ కూర్చున్నాడు. నవ్వకపోతే బాగుండదని నవ్వుతున్నాడు. వచ్చినవాళ్ళు ఏదీ వేలు చూపించమని అడుగుతుంటే సిరా మచ్చ ఉన్న చెయ్యి తువ్వాలు కింద పెట్టుకున్నాడు. సిగ్గుపడుతున్నాడు పాపం అని మురిసిపోయారు.

సిగ్గే అది, కాకపోతే వాళ్ళనుకున్న రకం కాదు. తాతబ్బాయికి ఈ దేశంలో ఓటు లేదు. రెండేళ్ళ కిందటే పోయింది. పోయిందనడం కూడా అబద్ధమే. తనే వదులుకున్నాడు.

పెళ్ళికాని రోజుల్లో ఓడ మీద కళాసీగా వెళ్ళి, సింగపూరులో దిగిపోయి, ఓడల రిపేరు యార్డులో వెల్డింగు నేర్చుకుని అక్కడే కుదురుకున్నాడు. అక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్లని చేసుకున్నాడు. ఇద్దరు పిల్లలు పుట్టారు. ఇన్నీ అయినా ఉండేది మాత్రం ఇంకొకళ్ళ ఇంట్లో ఒక గది. వంట దగ్గర వంతు, స్నానం దగ్గర వంతు. గవర్నమెంటు కట్టిన మేడల్లో ఇల్లు కొనుక్కుందామంటే ఆ దేశం వాళ్ళకే ఇస్తామన్నారు. ఆ దేశం వాడివి కావాలంటే ఈ దేశం వాడివి కాకుండా పోవాలన్నారు.

కావాలా వద్దా అని తాతబ్బాయి చాలా కాలం కొట్టుకున్నాడు. యార్డులో తోటివాళ్ళు తేలిగ్గా తీసేశారు. కాగితం మారితే మనిషి మారతాడా అన్నారు. భార్య అలా తేలిగ్గా తీసెయ్యలేదు. పిల్లలు ఈ ఊళ్ళో పుట్టారు, ఈ ఊళ్ళో చదువుతున్నారు, నువ్వు మాత్రం ఇన్నేళ్ళుగా రైల్వే స్టేషన్లో కూర్చున్న మనిషిలా ఉన్నావు, ఏదో ఒకటి తేల్చుకో అంది. దరఖాస్తు పెట్టాడు.

ఒక రోజు పెద్ద హాల్లోకి పిలిచారు. అందరూ కుడిచెయ్యి ఎత్తి, ఆఫీసరు చెప్పిన మాటలు ఒక్కొక్కటే తిరిగి చెప్పాలి. అంతా ఇంగ్లీషు. ఒక మాట దగ్గర తాతబ్బాయి ఆగి, పక్కన నిలబడ్డ నాగపట్నం ఆయన్ని అడిగాడు. నా పాత దేశాన్ని విడిచిపెట్టేస్తున్నానని అర్థం అన్నాడాయన తమిళంలో, ఇటు తిరగకుండానే. తాతబ్బాయి పెదాలు మాత్రం కదిపాడు. ఆఫీసరు మంచివాడే, కోప్పడలేదు. వినపడలేదు, మళ్ళీ చెప్పమన్నాడు. ఈసారి హాలంతా వినపడేలా చెప్పాడు. తక్కినవాళ్ళు ఒక్కసారి విడిచిపెట్టిన దేశాన్ని తాతబ్బాయి రెండుసార్లు విడిచిపెట్టాడు. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా అతనికి సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోతుంది.

ఇల్లు వచ్చింది. ఎనిమిదో అంతస్తులో, గాలీ వెలుతురూ ఉన్న మంచి ఇల్లు. ఇల్లు కొన్నానని అక్కకి ఉత్తరం రాశాడు. ఎలా కొన్నాడో రాయలేదు.

రాయకపోవడానికి కారణం అప్పాయమ్మే. తల్లి చిన్నప్పుడే పోతే తాతబ్బాయిని ఎత్తుకు తిరిగింది ఆవిడే. వాళ్ళ నాన్న పోయిన ఏడాది ఓటర్ల జాబితా రాసుకోవడానికి వచ్చిన గుమాస్తా, అప్పాయమ్మ కళ్ళముందే, నాన్న పేరు మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత గీశాడు. శ్మశానం దాకా వెళ్ళనివ్వని ఆడపిల్లకి నాన్న పోవడమంటే ఆ గీతే అయింది. అప్పట్నుంచి ఆవిడ లెక్కలో జాబితాలోంచి పేరు కొట్టేయడమంటే మనిషిని పంపించేయడమే. ఎన్నికలొచ్చినప్పుడల్లా గుమాస్తా రావడం, ఈ తాతబ్బాయి అనే ఆయన ఊళ్ళో ఉండటం లేదు కదమ్మా తీసేస్తాననడం, ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడటం.

"మావోడు పనిమీద వెళ్ళేడండి. బతికున్న మనిషి పేరు ఎలా కొట్టేత్తారండీ?"

ఎంతమంది గుమాస్తాలు మారారో, ఒక్కడూ ఆవిడని దాటి గీత గీయలేకపోయాడు. తమ్ముడు క్షేమంగా ఉండటానికి తను చేస్తున్న పని అది ఒక్కటేనని ఆవిడ నమ్మకం. పుట్టిన రోజుకి గుళ్ళో పూజ చేయించినట్టే ఇది కూడా. అలాంటి మనిషికి, నువ్వు గీయనివ్వని గీత నేనే గీసుకున్నానని ఏ ముఖం పెట్టుకుని చెబుతాడు? ఈసారి వచ్చినప్పుడు చెప్పేద్దామని ఓడలో వస్తున్నంతసేపూ మాటలు కూర్చుకున్నాడు. బస్సు దిగేసరికి అప్పాయమ్మ ఎదురొచ్చింది. సూట్‌కేసు అందుకుంటూనే, నీ ఓటు భద్రంగా ఉందిరా అంది. కూర్చుకున్న మాటలన్నీ అక్కడే చెదిరిపోయాయి.

భీమరాజుకి పోటీగా నిలబడ్డవాడు లోవరాజు. తాతబ్బాయీ అతనూ ఒకే బల్ల మీద చదువుకున్నారు, ఒకే మేస్టారి చేత తన్నులు తిన్నారు. ఊరు వదిలిన రోజున తాతబ్బాయి పెట్టె రేవు దాకా మోసింది లోవరాజే. ఇప్పుడు కొబ్బరికాయలు దింపించే మేస్త్రీ. ఊరి మురుగు కాలవ పూడిపోయి, చినుకు పడితే చాలు వాళ్ళ పేట మోకాలి లోతు నీళ్ళలో నిలుస్తుంది. పెద్దలందరినీ అడిగి అడిగి విసిగిపోయి, మీరు తవ్వించకపోతే నేనే సర్పంచినై తవ్విస్తానని నిలబడ్డాడు. భీమరాజు చెడ్డవాడేం కాదు. కాకపోతే ముందు తన వీధి రోడ్డు, తరవాతే కాలవ అనే రకం.

పోలింగు రోజు పొద్దున్న అప్పాయమ్మ తమ్ముడికి తలంటు పోసి, కొత్త చొక్కా తొడిగించి బడికి తీసుకెళ్ళింది. కడుపులో నొప్పిగా ఉందనో, తల తిరుగుతోందనో అనాలని తాతబ్బాయి దారి పొడుగునా అనుకున్నాడు. అనలేదు. తీరా లోపలికి వెళ్ళాక, లోవరాజు తరఫున కూర్చున్న పెదబాబు అనే కుర్రాడు లేచి అభ్యంతరం చెప్పాడు. ఈయన సింగపూరులో ఉంటారండి, ఈయనకి ఇక్కడ ఓటేమిటండి అన్నాడు. తాతబ్బాయి ప్రాణం లేచొచ్చింది. దేవుడు పెదబాబు రూపంలో వచ్చాడనుకున్నాడు. అవునండి, ఆ కుర్రాడన్నదే నిజమండి అని ఒక్క మాట అని వెనక్కి తిరిగితే గండం గడిచిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

సరిగ్గా అప్పుడే తలుపు దగ్గర నిలబడ్డ లోవరాజు లోపలికొచ్చాడు.

"కూచోరా పెదబాబూ. వాడు మావోడేనండి మేస్టారూ. నాతో చదువుకున్నోడు. ఎక్కడుంటే ఏటండి, ఇక్కడోడే."

రామచంద్రపురం నుంచి పోలింగు డ్యూటీ మీద వచ్చిన మేస్టారు కళ్ళజోడు పైకి తోసుకుని, జాబితాలో ఉన్న తాతబ్బాయి మీరేనా, ఈ ఊరివారేనా అని అడిగాడు. ఈ దేశం వారేనా అని అడగలేదు. ఎవరడుగుతారు?

"ఆయ్" అన్నాడు తాతబ్బాయి.

ఆ వైపు ఆయ్ అంటే అవునండి అని కావచ్చు, వింటున్నానండి అని కావచ్చు, మీరెలా అంటే అలాగేనండి అని కూడా కావచ్చు. పెద్దమనిషి ఎదురుగా నిలబడి మాట్లాడితే నోట్లోంచి దానంతట అదే వస్తుంది. నేను ఉత్తినే ఆయ్ అన్నాను, అవునని అనలేదు అని తరవాత తనకి తాను చాలాసార్లు చెప్పుకున్నాడు. మేస్టారు మాత్రం అవుననే రాసుకున్నాడు. వేలికి సిరా పూశారు, కాగితం చేతికిచ్చారు.

చాటున నిలబడ్డాక కూడా దారి ఉంది. కత్తెర గుర్తు భీమరాజుది, లాంతరు గుర్తు లోవరాజుది. రెంటి మీదా ముద్ర గుద్దితే ఓటు చెల్లదు. ఆ ఆలోచన రానూ వచ్చింది. వందల ఓట్లలో ఈ ఒక్క ఓటు ఎంత, ఎవరికి తేడా పడుతుంది అని ఇంకో ఆలోచన దాన్ని తోసేసింది. అసలు సంగతి అదీ కాదు. ఆ చెక్క ముద్ర చేతిలోకి తీసుకోగానే తాతబ్బాయికి సంతోషం వేసింది. బుద్ధి తెలిసిన దగ్గర్నుంచీ ఈ ఊళ్ళో ఒక్క ఓటు వేసిన పాపాన పోలేదు. బయట అక్క ఎదురుచూస్తోంది, చిన్నప్పటి స్నేహితుడు మావోడేనన్నాడు, గోడ మీద చిన్నప్పటి ఎక్కాల పట్టికే ఉంది. ఆ నిమిషం పాటు అతను నిజంగానే ఆ ఊరివాడు. కత్తెర మీద గట్టిగా గుద్దాడు. ఇప్పుడు తలుచుకుంటే ముద్ర గుద్దినందుకన్నా ఆ సంతోషానికే ఎక్కువ సిగ్గేస్తోంది.

పొద్దున్న సందడి సద్దుమణిగి, భీమరాజు పెద్దల్ని పలకరించడానికి బయల్దేరాక, మధ్యాహ్నం లోవరాజు వచ్చాడు. చెప్పులు మెట్ల దగ్గర విడిచి, అరుగు మీద తాతబ్బాయి పక్కన కూర్చున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పేటలో కుర్రాళ్ళు రాత్రంతా తనని పడుకోనివ్వలేదన్నాడు. ఒక్క ఓటే కదా తేడా, ఒక్క దొంగ ఓటు పట్టుకుంటే చాలు, రాజోలులో ప్లీడరు కేసు వేస్తానన్నాడు, అప్పుడు ఓట్లు సమానమై చీటీ తీస్తారు అని వాళ్ళ వాదన. అందుకని లోవరాజు జాబితా ముందేసుకుని, వీధి వీధీ, ఇల్లు ఇల్లూ చూశాడట.

"ఒక్క దొంగ ఓటు లేదురా. అందరూ ఉన్నోళ్ళే, అందరూ మనోళ్ళే. న్యాయంగానే ఓడిపోయేను. పెదబాబు నీ పేరు ఎత్తేడు గానీ నేనే తిట్టేను. అంత దూరాన్నుంచి వచ్చి వేసుకున్నాడు, ఆడి హక్కు అన్నాను. నీకు అనుమానం ఉంటాదేమో, నేను మనసులో ఏదన్నా పెట్టుకున్నానేమో అని. అది చెప్పి పోదారనే వచ్చేను."

ఈ మనిషి తిట్టి ఉంటే ఎంత బాగుండేదనిపించింది తాతబ్బాయికి. వాకిట్లో నిలబడి, బావకి వేసి నా నోట్లో మట్టి కొట్టావని నాలుగు మాటలని ఉంటే తనూ నాలుగు మాటలని ఊరుకునేవాడు. అప్పాయమ్మ పెరట్లో ఉంది. బిందెల చప్పుడు వినిపిస్తోంది. తాతబ్బాయి ఇంక ఆగలేకపోయాడు. గొంతు తగ్గించి అంతా చెప్పేశాడు. గది సంగతి, మేడ సంగతి, చెయ్యెత్తడం, రెండోసారి గట్టిగా చెప్పడం, అక్కకి భయపడి దాచడం. చెబుతున్నకొద్దీ గుండె తేలికవుతున్నట్టే అనిపించింది. అంతా విన్నాక లోవరాజు వీధివైపు చూస్తూ అన్నాడు.

"ఇల్లు కోసం ఒదులుకున్నావు. దాన్ని నేను తప్పనను. పెళ్ళాం పిల్లలున్నోడికి ఇల్లు కావాలి. అక్కడోడివైపోయేవు, బానే ఉంది. అక్కడోడిలాగే ఉండాల్సింది కదరా. బల్ల దగ్గర నాకు ఓటు లేదండి అని ఒక్క మాటంటే ఎవరు కొడతారు నిన్ను?"

అక్క ముఖం చూసి అనలేకపోయానని చెప్పబోయాడు తాతబ్బాయి. అది సగమే నిజమని తనకే తెలుసు.

"కోర్టులో చెప్తావా?" అన్నాడు లోవరాజు. "ఈ ఓటు చెల్లదు, నేనిక్కడోణ్ణి కాదు అని. నువ్వొక్కడివి చెప్తే చాలు. చీటీలో నా పేరు వత్తాదో రాదో, అది నా అదృష్టం."

కోర్టంటే వాయిదాలు. వాయిదాలంటే నెలలు. వచ్చే వారం ఓడ ఉంది, దాటితే యార్డులో ఉద్యోగం ఉండదు. పరాయి దేశం వాడు ఇక్కడ దొంగ ఓటు వేశాడంటే కోర్టుతో ఊరుకుంటారా, పోలీసులు వస్తారా, ఆ కబురు అక్కడికి చేరితే ఇచ్చిన కాగితం వెనక్కి లాక్కుంటారా? తాతబ్బాయికి తెలియదు. భార్య, పిల్లలు, ఎనిమిదో అంతస్తు, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. బావ పదవి పోవచ్చు. అక్కకి తెలిసిపోతుంది. చెబుతానురా అనాలి. అనాలని అతనికి నిజంగానే ఉంది. పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు. ఈసారి మళ్ళీ చెప్పమనడానికి ఆఫీసరు కూడా లేడు.

లోవరాజు అతని ముఖం చూశాడు. ఇంక అడగలేదు. తువ్వాలు దులుపుకుని లేచాడు.

"సర్లే. నువ్వు వెళ్ళిపోతావు. నీ మనసులోది దించేసుకున్నావు, నా నెత్తినెట్టేవు. అది నాకెందుకు చెప్పేవురా? ఇందాకటి దాకా న్యాయంగా ఓడిపోయిన మనిషిని. ఇప్పుడేటి నేను? రేపు వర్షాల్లో మా పేటోళ్ళు నీళ్ళలో నిలబడి, ఏరా లోవరాజూ ఒక్క ఓటు కూడా పట్టలేకపోయేవా అంటే నేనేం చెప్పాలి?"

కోపంగా అనలేదు. అలిసిపోయిన గొంతుతో అన్నాడు. తాతబ్బాయి అతని చెయ్యి పట్టుకోబోయి, పట్టుకునే హక్కు ఉందో లేదో తెలియక ఊరుకున్నాడు. తేలికైందనుకున్న గుండె మీద ఇప్పుడు రెండింతల బరువు పడింది.

అప్పుడే భీమరాజు నలుగురు మనుషులతో గేటు తీసుకుని లోపలికొచ్చాడు. మెళ్ళో ఇంకో దండ పడింది. మెట్ల మీద లోవరాజుని చూసి నవ్వు కాస్త తగ్గించాడు. చప్పుడు విని అప్పాయమ్మ కూడా తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"ఏం లోవరాజూ, రాజోలు ప్లీడరు దగ్గరికెళ్ళేరంట మీవాళ్ళు? దొంగ ఓట్లున్నాయని?"

లోవరాజు ఒక్క మాటంటే చాలు. అనాలనే, ఎలాగైనా అనెయ్యాలనే తాతబ్బాయి ఒక్క క్షణం కోరుకున్నాడు. తను చెప్పలేనిది ఇంకొకడు చెప్పేస్తే అయిపోతుంది. లోవరాజు ఒక కాలు చెప్పులో పెట్టి, రెండోది వెతుక్కుంటూ, తల వంచుకునే జవాబిచ్చాడు.

"లేదండి భీమరాజు గారూ. కుర్రోళ్ళ మాటలండి అవి. లిస్టంతా నేనే చూసేను. ఓట్లన్నీ మనూరోళ్ళవేనండి."

చూశావా, మంచి మనిషి, ఓడినా మాట మారలేదు అంది అప్పాయమ్మ. భీమరాజు పెద్ద మనసుతో లోవరాజు భుజం తట్టి, కాలవ సంగతి వచ్చే ఏడు చూద్దాంలే అన్నాడు. లోవరాజు తలూపి, గేటు దగ్గరగా వేసి, తాతబ్బాయి వైపు చూడకుండా వెళ్ళిపోయాడు. తమ్ముడూ, అన్నానికి లే అని అక్క పిలిచింది. తాతబ్బాయి లేచి లోపలికి వెళ్ళాడు.